చూసుకుంటాడు

నాన్నమ్మ నోట్‌బుక్ ఇప్పుడు నా దగ్గర ఉంది. పొడుగాటి లెక్కల పుస్తకం. అట్ట ఊడిపోతే పాత గుడ్డముక్క చుట్టి సూదీ దారంతో కుట్టుకుంది. ప్రతి పేజీకీ నడిమధ్యన స్కేలు పెట్టి గీసిన గీత. గీతకి ఎడమవైపు పైన ‘అడిగినవి’, కుడివైపు పైన ‘చూసినవి’ అని ఉంటాయి. ‘జవాబులు’ అని రాయలేదు. ఆ తేడా పట్టించుకునే వయసు నాకు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మా ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థన తప్పేది కాదు. ఒక పాట, నాన్న చదివే వాక్యం, తర్వాత మోకాళ్ళ మీద ప్రార్థన. పరలోక ప్రార్థనతో ముగించి ‘ఆమేన్’ అనడమే ఆలస్యం, నేనూ అన్నయ్యా లేచి పరుగెత్తబోయేవాళ్ళం. నాన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టేది.

“ఆగండి. ఇవాళ ఆయన మిమ్మల్ని ఎక్కడ చూసుకున్నాడో చెప్పి లేవండి.”

రోజూ అదే ప్రశ్న. పెద్దవాళ్ళూ చెప్పాలి, పిల్లలూ చెప్పాలి. నిన్న చెప్పింది ఇవాళ చెప్పకూడదు. అన్నయ్య తెలివైనవాడు, సాయంత్రమే ఒకటి సిద్ధం చేసుకుని కూర్చునేవాడు. నాకు ఆ సమయానికి నిద్ర ముంచుకొచ్చేది. “ఏం లేదు నాన్నమ్మా” అనేదాన్ని.

“ఏం లేకపోవడం ఉండదు తల్లీ. నువ్వు చూడలేదంతే. పద, పొద్దున్నుంచి మళ్ళీ నడుద్దాం.”

నడవడమంటే నిజంగా నడవడమే. దారిలో ఏదో పారేసుకున్నవాళ్ళు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి వెతుక్కుంటారు చూడండి, అలా. నిద్ర ఎవరు లేపారు? బడికి ఏ దారిన వెళ్ళావు? అక్కడ ఎవరితో మాట్లాడావు? ఎక్కడ భయమేసింది? ఎక్కడ నవ్వావు? ఒక్కొక్కటీ అడుగుతూ తీసుకెళ్ళేది. దాదాపు ప్రతిసారీ ఏదో ఒకచోట నేనే ఆగిపోయేదాన్ని.

అలా ఆగిన ఒక రాత్రి బాగా గుర్తు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. “నేను గుమ్మంలో కాలు పెట్టాకే పెద్ద వాన మొదలైంది” అన్నాను. నాన్నమ్మ ముఖం విప్పారింది. పెన్ను తీసి కుడివైపు ‘పిల్ల తడవకుండా ఇల్లు చేరింది’ అని రాసింది. అంతటితో అయిపోవలసింది. కానీ నాకు అనుమానం వచ్చింది.

“మరి నా వెనకాల వచ్చేవాళ్ళు తడిసిపోయారుగా? దేవుడు వాళ్ళని చూసుకోలేదా?”

అన్నయ్య నవ్వాడు. నాన్న వాడి వైపు చూస్తే ఊరుకున్నాడు. నాన్నమ్మ మాత్రం నవ్వలేదు, గద్దించలేదు, చిన్నపిల్లవి నీకు తెలియదు అనలేదు. కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. తర్వాత ఎడమవైపుకి వచ్చి ‘తడిసిన పిల్లలు’ అని రాసి, పేర్లు అడిగింది. ముగ్గురి పేర్లు చెప్పాను. “వాళ్ళకి జ్వరం రాకుండా చూడు తండ్రీ” అని మళ్ళీ కళ్ళు మూసుకుంది. మేమూ మూసుకున్నాం.

ఆ పేజీ ఇప్పుడు తీసి చూశాను. కుడివైపు నేను తడవకపోవడం, ఎడమవైపు వాళ్ళు తడవడం, ఒకే సిరాతో ఎదురెదురుగా ఉన్నాయి. దేవుని కాపుదల గురించి నేను తర్వాత విన్న ప్రసంగాలు చాలా ఉన్నాయి. ఆ పేజీ అంత నిజాయితీగా అనిపించినవి కొన్నే.

ఆ పుస్తకం రాసే అలవాటు ఆమెకి ఎలా వచ్చిందో ఒకసారి చెప్పింది. పెళ్ళికి ముందు ఎక్కడో ప్రసంగంలో జార్జ్ ముల్లర్ గురించి విన్నదట. 1805లో ప్రష్యాలో పుట్టి, ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 1836లో అనాథ పిల్లల కోసం ఇల్లు తెరిచిన మనిషి ఆయన. 1898లో చనిపోయేలోగా పదివేల మందికి పైగా పిల్లలు ఆ ఇళ్ళలో పెరిగారు. అవసరం ఏమిటో మనుషులకి చెప్పి డబ్బు అడగకూడదని, దేవుణ్ణే అడగాలని నియమం పెట్టుకున్నాడు. మా నాన్నమ్మని పట్టేసింది మాత్రం ఆ పదివేలు కాదు, ఆయన ప్రార్థనలు తేదీ వేసి రాసుకునేవాడన్న మాట. “అడిగింది మర్చిపోతే, ఇచ్చింది ఎలా తెలుస్తుంది తల్లీ?” అనేది. అడిగిన రోజు రాసిపెట్టుకోనివాళ్ళు ఇచ్చిన రోజుని మామూలు రోజే అనుకుంటారని ఆమె నమ్మకం.

పుస్తకం మొదటి పేజీలో మాత్రం గీత లేదు. అక్కడ పెద్ద అక్షరాలతో ‘ఎబెనెజరు’ అని ఉంది. బైబిల్లో సమూయేలు ప్రవక్త మిస్పాకీ షేనుకీ మధ్య నిలబెట్టిన రాయి పేరు అది. సహాయపు రాయి అని అర్థం. ‘యింతవరకు యెహోవా మనకు సహాయము చేసెను’ అని చెప్పి ఆ పేరు పెట్టాడు. నాన్నమ్మ ‘యింతవరకు’ అన్న మాట కింద రెండు గీతలు గీసింది. ఇకమీదట ఏం జరుగుతుందో ఆ రాయి చెప్పదు. వెనక్కి చూడమని మాత్రమే చెబుతుంది.

*

‘చూసుకుంటాడు’ అన్నది ఆమె నోట్లో నలిగిన మాట. పరీక్షయినా, జ్వరమైనా, ఇంటికి రావలసినవాళ్ళు చీకటి పడ్డా రాకపోయినా “దేవుడు చూసుకుంటాడు” అనేది. చిన్నప్పుడు అది పెద్దవాళ్ళు ఊరికే అనే మాట అనుకునేదాన్ని. ఇక మాట్లాడకు అని చెప్పడానికి అంటారు కదా, అలాంటిదని.

తర్వాత ఎప్పుడో ఆదికాండం 22వ అధ్యాయం మీద కూర్చున్నప్పుడు ఆ మాట నన్ను ఆపేసింది. కొడుకుని బలి ఇవ్వబోతే దేవుడు ఆపి, బదులుగా పొట్టేలుని చూపించిన కొండ మీద ఆ చోటుకి అబ్రాహాము పెట్టిన పేరు యెహోవా యీరే. మన బైబిల్లో దాని పక్కనే ‘యెహోవా పర్వతము మీద చూచుకొనును’ అని ఉంది. హెబ్రీలో ఆ మాటకి మూలం ‘చూడటం’. కావలసింది చూసి సమకూర్చడం అన్న అర్థం ఆ చూడటంలోంచే వచ్చింది. దేవుని కాపుదలకి ఇంగ్లీషులో వాడే ప్రావిడెన్స్ అన్న మాటా అంతే, లాటిన్ నుంచి వచ్చింది, ముందుగా చూడటం. మన తెలుగులో అయితే ఆ రెండు పనులూ ఒక్క మాటలోనే ఉన్నాయి. పిల్లల్ని చూసుకోవడం, ముసలివాళ్ళని చూసుకోవడం, ఇల్లు చూసుకోవడం. కంటితో చూడటమూ అదే, చేతితో సాకడమూ అదే. హెబ్రీ ఒక్క అక్షరం రాని మా నాన్నమ్మ సరిగ్గా ఆ మాటనే పట్టుకుని బతికింది.

అందుకే ఆమె కుడివైపు ‘చూసినవి’ అని రాసింది. ఆయన మనల్ని చూసుకున్నాడు, అది మనం చూశాం. ఆయన చూడటమూ మన చూడటమూ కలిసిన చోటు అది. ఆయన చూసుకున్నవన్నీ ఆ కాలమ్‌లోకి రావని ఆమెకి బాగా తెలుసు. మన కంట పడినంత మేరకే.

*

నా చదువు అయిపోయిన ఏడాది ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. రాతపరీక్ష నెగ్గాను. ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది. దానికి పిలిచే ఉత్తరం కోసం మూడు వారాలు రోజూ గేటు దగ్గర నిలబడ్డాను. ఆ ఉత్తరం ఇంటర్వ్యూ జరిగిపోయిన మర్నాడు వచ్చింది.

కవరు చింపి తేదీ చూసిన క్షణం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. తేదీ సరిగ్గానే చదివానా అని మళ్ళీ చదివాను. గోడకున్న క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూశాను. వెళ్ళి బతిమాలినా లాభం లేకపోయింది. ఎవరి తప్పో ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి ప్రార్థనలో నాన్నమ్మ ప్రశ్న నా దాకా వచ్చినప్పుడు, “ఇవాళ చూసుకోలేదు. చూసుకుంటే ఉత్తరం ఒక్కరోజు ముందు తెచ్చి ఉండేవాడు” అన్నాను. అమ్మ కంగారుగా నా చెయ్యి పట్టుకుంది. నాన్నమ్మ తలాడించి, ఎడమవైపు తేదీ వేసి ‘పిల్ల ఉద్యోగం’ అని రాసింది. కుడివైపు ఖాళీ.

అది జరిగిన ఐదు నెలలకి నాన్న జబ్బు బయటపడింది.

ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. ఆసుపత్రి వరండా, పొడుగాటి బల్ల, రిపోర్టుల కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం, ఎవరైనా అలాంటి రోజులు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అన్నయ్య ఉద్యోగం దూరంలో. అమ్మకి ఒంట్లో బాగుండేది కాదు. నాన్న దగ్గర ఉండటానికి ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనొక్కదాన్నే. చివరి నాలుగు నెలలు నేనే ఆయన దగ్గర ఉన్నాను. మందులు ఇచ్చేదాన్ని, దిండు సర్దేదాన్ని, చూపు ఆనక ఆయన చదువుకోలేకపోతే కీర్తనలు చదివి వినిపించేదాన్ని. నాన్న తక్కువ మాటల మనిషి. ఇరవై ఏళ్ళలో నాతో మాట్లాడనివన్నీ ఆ నాలుగు నెలల్లో మాట్లాడాడు. తన చిన్నతనం, తన భయాలు, నేను పుట్టిన రోజు తను ఏం ప్రార్థన చేశాడో కూడా.

నాన్నమ్మ పుస్తకంలో ఆ నాలుగు నెలల పేజీల్లో ఎడమవైపు రోజూ ఒకటే మాట. ‘నా కొడుకు స్వస్థత.’ తేదీ మారుతుంది, మాట మారదు. ఆ మాటకి ఎదురుగా కుడివైపు ఏమీ లేదు. కానీ వాటి కింద, ఎవరూ అడగనివి కుడివైపు చేరుతూ వచ్చాయి. ‘పక్క మంచం ఆవిడ రాత్రంతా మేలుకుని చూసింది.’ ‘నొప్పి లేకుండా మూడు గంటలు నిద్రపోయాడు.’ ‘కిటికీ పక్క మంచం దొరికింది. వెలుగు వస్తోంది.’ ‘ఇవాళ నవ్వాడు.’

నాన్న పోయిన రోజు పేజీలో తేదీ ఒక్కటే ఉంది.

*

నేను ప్రార్థన మానేశాను. కోపంతో కూడా కాదు, మాట రాలేదు, అంతే. రాత్రిపూట అందరితో పాటు కూర్చునేదాన్ని, అమ్మ కోసం. పెదవి కదిపేదాన్ని కాదు. నాన్న చదివే చోట ఇప్పుడు అమ్మ వాక్యం చదివేది. కన్నకొడుకుని పోగొట్టుకున్న నాన్నమ్మ మాత్రం ఆ ప్రశ్న మానలేదు. “ఇవాళ ఆయన ఎక్కడ చూసుకున్నాడు?” నా వంతు వచ్చినప్పుడు నన్ను ఒత్తిడి చేసేది కాదు. “తల్లి తరఫున ఇవాళ నేను చెబుతాను” అనేది. నా తరఫున ఏదో ఒకటి చెప్పేది. మీ అన్నయ్య ఫోన్ చేశాడుగా అనో, ఇవాళ జుట్టు దువ్వుకున్నావు అనో. దాదాపు ఏడాదిపాటు నా వంతు ఆమే మోసింది.

విశ్వాసం లేనప్పుడు బలవంతంగా ఉన్నట్టు నటించమనలేదు. నాకు లేనిది తన దగ్గరున్న దాంట్లోంచి పెట్టింది. నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి దింపిన పక్షవాయువు రోగి కథ మార్కు సువార్తలో ఉంది కదా. యేసు ‘వారి విశ్వాసము’ చూశాడని అక్కడ రాసి ఉంటుంది. మంచం మీద పడుకున్నవాడి నోట అప్పటికి ఒక్క మాటా రాలేదు. ఆ వాక్యం ఎప్పుడు విన్నా నాకు నాన్నమ్మే గుర్తొస్తుంది.

ఒక రాత్రి ఆమె ప్రశ్న అడగకముందే నా నోట మాట వచ్చింది. “ఇవాళ నాన్న కలలోకి వచ్చారు. బాగున్నారు.” అంతే అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. పెన్ను కాగితం మీద కదిలిన చప్పుడు వినిపించింది.

*

ఆ ఉత్తరం సంగతి మాత్రం చాలా ఏళ్ళకి తెలిసింది. ఒక మధ్యాహ్నం నాన్నమ్మ అడిగితే పుస్తకం దులిపి పెడుతూ పాత పేజీలు తిప్పాను. ‘పిల్ల ఉద్యోగం’ కనిపించింది. అప్పుడు ఖాళీగా ఉన్న కుడివైపు ఇప్పుడు ఒక వాక్యం ఉంది. వేరే సిరా, తేదీ తొమ్మిది నెలల తర్వాతది, నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పటిది.

‘పిల్ల ఇంట్లో ఉంది. స్తోత్రం.’

నేల మీద కూర్చుండిపోయాను. ఉత్తరం ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే నేను ఆ ఉద్యోగంలో ఉండేదాన్ని, బహుశా అన్నయ్యలాగే దూరంలో. నాన్న చెప్పిన మాటలేవీ నేను వినేదాన్ని కాదు. నేను పుట్టిన రోజు ఆయన చేసిన ప్రార్థన నాకు తెలిసేదే కాదు. ఆ నాలుగు నెలలు నాకు ఎవరిచ్చారు అని నేనెప్పుడూ అడగలేదు. నాన్నమ్మ తన కొడుకు మంచం పక్కనే కూర్చుని, ఆ బాధలోనే, తొమ్మిది నెలల వెనక్కి పేజీలు తిప్పి ఆ ఖాళీ వెతికి నింపింది.

తొలి శతాబ్దాల క్రైస్తవ గురువుల్లో ఒకడైన అగస్టీను తన తల్లి మోనికా గురించి రాసింది ఆ తర్వాతే నాకు అర్థమైంది. కొడుకు ఆఫ్రికా విడిచి రోముకి వెళ్ళకూడదని ఆమె పట్టుబట్టింది. 383లో ఒక రాత్రి ఆమె కార్తేజి రేవు దగ్గర సిప్రియను అనే హతసాక్షి పేరిట ఉన్న చిన్న గుడిలో ఏడుస్తూ ప్రార్థిస్తుంటే, కొడుకు ఆమెకి అబద్ధం చెప్పి ఓడెక్కేశాడు. తెల్లవారేసరికి ఓడ లేదు. ఆమె అడిగింది జరగలేదు. కానీ అగస్టీను రోము నుంచి మిలాన్ వెళ్ళి, అక్కడ బిషప్ అంబ్రోసు బోధ విని, 387లో ఆయన చేతి మీదుగానే బాప్తిస్మం పొందాడు. తల్లి ఏళ్ళ తరబడి కన్నీళ్ళతో అడిగింది అదే కదా. ఆమె ఎప్పుడూ అడుగుతూ వచ్చినది ఇవ్వడం కోసం ఆ రాత్రి అడిగినది దేవుడు ఇవ్వలేదని అగస్టీనే తర్వాత రాసుకున్నాడు. రేవు దగ్గర తెల్లవారుజామున ఖాళీ నీళ్ళని చూస్తూ నిలబడ్డప్పుడు ఆమెకి అదేమీ తెలియదు. గేటు దగ్గర ఉత్తరం పట్టుకుని నిలబడ్డ నాకూ తెలియదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా సంఘంలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు “ఆ బస్సు తప్పిపోయింది, దానికే ప్రమాదం జరిగింది, దేవుడు నన్ను తప్పించాడు” అని కొందరు చెబుతుంటారు. వాళ్ళ కృతజ్ఞత నిజమైనదే. కానీ అది విన్న ప్రతిసారీ నాకు ఆ బస్సులో ఉన్నవాళ్ళు గుర్తొస్తారు. వాళ్ళలోనూ పొద్దున ప్రార్థన చేసుకుని బయల్దేరినవాళ్ళు ఉంటారు. మన కుడివైపు కాలమ్ నిండిన రోజే ఇంకొకరి ఎడమవైపు కాలమ్ తడిసిపోతుంది. మనకి జరిగిన మేలుకి స్తోత్రం చెప్పి, ఆ నోటితోనే వాళ్ళ కోసం అడగకపోతే ఆ సాక్ష్యం సగమే అనిపిస్తుంది నాకు. ఎనిమిదేళ్ళ వయసులో నాన్నమ్మ నాకు నేర్పింది అదే.

కోరీ టెన్ బూమ్ అనే డచ్ ఆవిడ చెప్పిన సంగతి ఇందుకే నాకు ఇష్టం. యూదుల్ని ఇంట్లో దాచినందుకు 1944లో నాజీలు ఆమెనీ అక్క బెట్సీనీ పట్టుకుని, చివరికి రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరంలో పడేశారు. వాళ్ళని పెట్టిన బ్యారక్ నిండా పురుగులు, రాత్రంతా కుట్టేవి. ‘ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి’ అన్న మాట పట్టుకుని బెట్సీ ఆ పురుగులకి కూడా స్తోత్రం చెప్పమంది. కోరీకి మనసొప్పలేదు. వాళ్ళు లోపల బైబిలు చదువుకుంటుంటే కాపలావాళ్ళు ఎందుకు రావడం లేదో తర్వాత తెలిసింది, ఆ పురుగులకి భయపడి. ఇంతవరకు చెప్పి ఆపేస్తే అదీ బస్సు సాక్ష్యమే అవుతుంది. కానీ బెట్సీ ఆ డిసెంబరులో ఆ శిబిరంలోనే చనిపోయింది. కోరీ ఆ రెండూ చెప్పింది. పురుగుల మేలూ చెప్పింది, అక్క చావూ చెప్పింది. ఒకదాన్ని చూపించి ఇంకొకదాన్ని దాచలేదు.

*

నాన్నమ్మ రాత్రి ప్రశ్నకి క్రైస్తవ చరిత్రలో చాలా పాత మూలాలు ఉన్నాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. జెస్యూట్ సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా పదహారో శతాబ్దంలోనే తనవాళ్ళకి ఆ అలవాటు నేర్పాడు. రోజుని వెనక్కి తిరిగి చూసుకోవడం. అందులో మొదటి మెట్టు తప్పులు వెతుక్కోవడం కాదు, పొందిన మేలులకి కృతజ్ఞత చెప్పడం. తప్పులు దాని తర్వాతే.

ఆయన కథ కూడా అడిగింది దొరకని కథే. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. నెలల తరబడి మంచం. పొద్దుపోక వీరుల కథలు, ప్రేమ కథలు తెమ్మన్నాడు. ఆ ఇంట్లో అలాంటివి ఒక్కటీ లేవు. ఉన్నవి క్రీస్తు చరిత్ర, భక్తుల చరిత్రలు. వేరే గతిలేక అవే చదివాడు, మనిషి మారిపోయాడు. అడిగిన పుస్తకం ఇంట్లో లేకపోవడం కూడా దేవుడు చూసుకోవడమేనా? నాకు అవుననే అనిపిస్తుంది. అనిపించడం తప్ప రుజువు చేసి చూపించలేను. నేను పడకుండా నిలబడ్డ చోట్లు కూడా అంతే, ఎవరికీ రుజువు చెయ్యలేను.

యూదులు నాశనం కాకుండా బయటపడిన కథ చెప్పే ఎస్తేరు గ్రంథంలో దేవుని పేరు ఒక్కసారి కూడా రాదు. ఉన్నదల్లా ‘ఆ రాత్రి’ రాజుకి నిద్ర పట్టకపోవడం, సమాచార గ్రంథం చదివించుకోవడం, మర్చిపోయిన ఒక మేలు గుర్తుకు రావడం. వితంతువు రూతు పరిగె ఏరుకోవడానికి వెళ్తే, తర్వాత తనని పెళ్ళాడిన బోయజు పొలంలో పడింది. హెబ్రీలో అక్కడ ‘అనుకోకుండా’ అన్న అర్థాన్ని కావాలని రెండుసార్లు నొక్కి చెప్పారు. బైబిలు రాసినవాళ్ళకి తెలుసు, ఆ క్షణంలో అది అనుకోకుండా జరిగినట్టే ఉంటుందని. మోషే అడిగితే దేవుడు తన ముఖం చూపించలేదు, దాటి వెళ్ళాక వెనుక పార్శ్వం చూపించాడు. నాకు తెలిసినంతలో మనకీ అంతే దక్కుతుంది. ఆయన దాటి వెళ్ళిపోయాక, ఇక్కడ ఉన్నాడు కదా అని.

ఇప్పుడు నా ప్రార్థనలో అడగడం తగ్గిందని కాదు. పిల్లల చదువులు, ఇంటి టెన్షన్లు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు, అన్నీ అడుగుతూనే ఉంటాను. ఫోన్‌లో కూడా రాసుకోవచ్చు, కొన్నాళ్ళు ప్రయత్నించాను. నాకు కుదరలేదు. ఆ ఖాళీ కంటికి కనిపించాలి. ఎడమవైపు రాసిన దానికి ఎదురుగా తెల్లగా ఉన్న చోటు రోజూ నా వైపు చూస్తూ ఉండాలి. అప్పుడే నేనూ చూస్తూ ఉంటాను.

*

నాన్నమ్మ చివరి రెండేళ్ళు మతిమరుపులో గడిచాయి. ముందు వస్తువులు, తర్వాత పేర్లు, తర్వాత మనుషులు. నన్ను చూసి ఎవరమ్మా నువ్వు అని మర్యాదగా అడిగేది. ‘ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము’ అన్న 103వ కీర్తన ఆమెకి ప్రాణం. ఆ మనిషి అన్నీ మర్చిపోతుంటే చూడటం నాకు చాలా కష్టమైంది. ఇదేమిటి తండ్రీ అని అడిగిన రాత్రులు ఉన్నాయి. అవన్నీ నా పుస్తకంలో ఎడమవైపు ఉన్నాయి. ఎదురుగా ఖాళీయే.

ఒక సాయంత్రం ఏం చెయ్యాలో తోచక ఆమె నోట్‌బుక్ తెచ్చి పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టాను. వేరే ఎవరిదో సాక్ష్యం వింటున్నట్టు వింది. ‘పిల్ల తడవకుండా ఇల్లు చేరింది’ అంటే చేతులు జోడించి “స్తోత్రం” అంది. “ఎవరి పిల్ల?” అని అడిగింది. నేనే నాన్నమ్మా అన్నాను. “మంచిదైంది” అంది. తడిసిన పిల్లల దగ్గరికి రాగానే కళ్ళు మూసుకుని ఏదో గొణిగింది. ఆ ముగ్గురూ ఇప్పుడు నలభై దాటినవాళ్ళు.

రోజూ సాయంత్రం కాసేపు చదివేదాన్ని. ప్రతి మేలూ ఆమెకి కొత్త వార్తే. తన జీవితంలో దేవుడు చేసినవన్నీ రెండోసారి, మొదటిసారిలాగే విని ఆనందపడింది.

నాన్న పేజీలు వచ్చాయి. దాటేద్దామనుకున్నాను. చెయ్యి తిప్పలేకపోయింది. చదివాను. ‘నా కొడుకు స్వస్థత.’ మళ్ళీ చదివాను, ‘నా కొడుకు స్వస్థత.’ తేదీలన్నీ చదువుతూ వెళ్ళాను.

ఆమె ముందుకి వంగింది. “నయమైందా అబ్బాయికి?”

నా గొంతు పట్టేసింది. అబద్ధం చెప్పలేను. చచ్చిపోయాడని ఆమెకి మళ్ళీ కొత్తగా చెప్పలేను. కాసేపటికి, “ప్రభువు దగ్గరే ఉన్నాడు నాన్నమ్మా” అన్నాను.

ఆమె చాలాసేపు ఆలోచించింది. గుడ్డ అట్ట అంచుని బొటనవేలితో రాస్తూ ఉంది.

“అయితే బాగానే చూసుకుంటున్నాడు” అంది. తర్వాత నా చేతిలో పుస్తకం వైపు చూసి, “అక్కడ ఏం రాయలేదే? రాయి” అంది.

పెన్ను వెతికి తెచ్చాను. నాన్న పోయిన తేదీ ఉన్న పేజీలో కుడివైపు, ఆమె చెప్పినట్టే రాశాను. నా చెయ్యి వణికి చివరి అక్షరం గీత దాటి ఎడమవైపుకి వెళ్ళింది.

“తర్వాత?” అంది నాన్నమ్మ.

పేజీ తిప్పాను.